యంగ్ అడల్ట్ పారానార్మల్ ప్రేమ నవలకు ముఖచిత్రం: బ్రీఫ్ నుంచి ప్రెస్ ఫైలు దాకా

ఈ తరహా నవలలకు అట్ట వేసేవాళ్లు ఎక్కువమంది ఒకే చోట పప్పులో కాలేస్తారు. కథంతా బొమ్మలోనే చెప్పేయాలనుకుంటారు. అమ్మాయి, అబ్బాయి, తోడేలు, చంద్రుడు, పాడుబడ్డ కోట, మంట, కాకి, అన్నీ ఒకే అట్ట మీదికి ఎక్కిస్తారు. ఫోన్ తెరలో అది బొటనవేలి గోరంత అయ్యేసరికి మిగిలేది ఒక నల్లటి మరక.

అట్ట చెప్పాల్సినవి మూడే. ఇది ఏ వయసువాళ్ల కథ? ఇందులో ఈ లోకానిది కానిది ఏముంది? ప్రేమ ఉందా? చూసిన రెండు సెకన్లలో ఈ మూడూ తెలిసిపోవాలి. మిగతా కథ సంగతి వెనక అట్ట చూసుకుంటుంది.

పని వరస చూపించడానికి ఒక ఊహా నవల పెట్టుకుందాం. పేరు 'నీటి కింది మెట్లు'. పదిహేడేళ్ల అమ్మాయి, ఒక సరస్సు, నీళ్లలోకి దిగిపోయే రాతిమెట్లు. ఒడ్డున ఆమె ఒక్కతే నిలబడి ఉంటుంది. నీళ్లలోకి చూస్తే మాత్రం పక్కనే ఒక అబ్బాయి ప్రతిబింబం కనిపిస్తుంది.

## 1. ముందు ఒక పేజీ బ్రీఫ్

బ్రీఫ్ (అట్టలో ఏం కావాలో రాసుకున్న కాగితం) లేకుండా మొదలుపెడితే నాలుగో డ్రాఫ్టు దగ్గర రచయిత 'నేననుకున్నది ఇది కాదండీ' అంటారు. అప్పటికి వారం గడిచిపోయి ఉంటుంది. సొంత నవలకు సొంతంగా అట్ట చేసుకుంటున్నా సరే, ఈ పేజీ రాయండి.

☐ నవల పేరు, ఉపశీర్షిక, రచయిత పేరు: అట్ట మీద పడాల్సినట్టే, అక్షరం తేడా లేకుండా
☐ ముఖ్యపాత్రల వయసు, జుట్టు, ఒంటిరంగు, తరచూ వేసుకునే బట్టలు
☐ అతీంద్రియ అంశం, కథలో దానికున్న ఒక్క నియమం
☐ కథ జరిగే చోటు, కాలం, రాత్రా పగలా
☐ కథలో చేత్తో పట్టుకోగల మూడు వస్తువులు
☐ అట్ట మీద ఎట్టి పరిస్థితిలోనూ బయటపడకూడని మలుపులు
☐ ఈబుక్కా, ప్రింటా, రెండూనా
☐ ప్రింటయితే కటింగ్ సైజు, పేజీల సంఖ్య, తెల్ల కాగితమా, క్రీమ్ కాగితమా
☐ సిరీసా, ఒక్క నవలేనా

వీటిలో మూడోదాని మీద ఎక్కువసేపు కూర్చోండి. 'ఇందులో ఒక దెయ్యం ఉంది' అంటే బొమ్మ రాదు. 'నీళ్లలో మాత్రమే కనిపించే దెయ్యం' అంటే సగం బొమ్మ వచ్చేసినట్టే. రక్తపిశాచికి గడప దాటే హక్కు లేదనుకోండి, ఆ గడపే మీ బొమ్మ. ఆ నియమం చెప్పమంటే రచయిత తడుముకుంటున్నారంటే, అట్ట పని ఇంకా మొదలుపెట్టకండి.

## 2. వయసు, ప్రేమ, అతీంద్రియం: మూడు సంకేతాలు

వయసు. ఈ నవలల్లో ముఖ్యపాత్రలు సాధారణంగా పదహారు నుంచి పద్దెనిమిదేళ్లవాళ్లు. అట్ట మీద ముప్పయ్యేళ్ల మోడల్ కనిపిస్తే పాఠకురాలు దీన్ని పెద్దల రొమాన్స్ అనుకుని పక్కకు జరుగుతుంది. చొక్కా లేని మగవాడు, ఒంటిమీద చేతులు, పడకగది వెలుగు, ఇవేవీ ఇక్కడికి రాకూడదు. పాత్రలు మైనర్లు. ఇందులో మినహాయింపు లేదు.

ప్రేమ. దీన్ని దూరంతో చూపించండి. రెండు చేతుల మధ్య అంగుళం ఖాళీ ఉంటే కౌగిలింత కంటే గట్టిగా పలుకుతుంది. ఒకరు ఇటు చూస్తుంటే రెండోవాళ్లు ఆ చూస్తున్నవాళ్లను చూస్తుండటం కూడా పనిచేస్తుంది. ఇద్దరూ కెమెరావైపే చూస్తే పాస్‌పోర్టు ఫొటోలు పక్కపక్కన అతికించినట్టుంటుంది.

అతీంద్రియం. మామూలు ప్రపంచంలో ఒక్కటి తప్పుగా ఉండాలి. ఒక్కటే. రెండు తప్పులు పెడితే అది ఫాంటసీ అట్ట అయిపోతుంది.

దెయ్యాన్ని సగం పారదర్శకంగా పెట్టేయడం అందరికీ మొదట తట్టే ఉపాయం. లేయర్ (బొమ్మ పొర) ఒపాసిటీ, అంటే చిక్కదనం, 50 శాతానికి దించేస్తే అది దెయ్యంలా కాకుండా రెండు ఫొటోలు ఒకదానిమీదొకటి పడి చెడిపోయిన డబుల్ ఎక్స్‌పోజర్‌లా కనిపిస్తుంది. నీడ పడకపోవడం, మంచులో అడుగుజాడ లేకపోవడం, చలిలో ఒకరి నోటి నుంచి ఆవిరి వస్తూ రెండోవారి నుంచి రాకపోవడం, ఇలాంటివి నిబ్బరంగా పనిచేస్తాయి.

తోడేలు కథలకు చంద్రుడు తప్పదనుకుంటే అతన్నైనా సరిగ్గా వేయండి. నెలవంక చీకటి భాగంలో నక్షత్రం మెరవదు, అక్కడ కనిపించకపోయినా చంద్రగోళం ఉంది కదా. పున్నమి చంద్రుడు సూర్యాస్తమయం వేళకు ఎదురు దిక్కున ఉదయిస్తాడు. కాబట్టి అస్తమిస్తున్న ఎర్రటి ఆకాశంలో నిండు చంద్రుణ్ణి పెట్టకండి. చంద్రుడు పాత్ర వెనక ఉంటే ముఖం మీద వెన్నెల పడదు, భుజాల అంచున మాత్రమే పడుతుంది.

## 3. చిన్న స్కెచ్‌లు: మూడు రంగుల్లోనే

కంప్యూటర్ తెరవకండి. కాగితం మీద అగ్గిపెట్టెంత గళ్లు 15 దాకా గీయండి. ప్రతి గడిలోనూ నలుపు, బూడిద, తెలుపు, మూడే వాడాలి. ముఖకవళికలు, జడలు, పువ్వులు వద్దు.

మన నవలకు మొదటి ఐదు గళ్లు ఎలాగూ అరిగిపోయిన ఆలోచనలే అవుతాయి: అమ్మాయి ముఖం, వెనక సరస్సు, పైన చంద్రుడు. అవి చేతి నుంచి బయటికి పోనివ్వండి. ఏడో గడో ఎనిమిదో గడో దాటాక అసలుది వస్తుంది. పైన మెట్ల మీద ఒక్క ఆకారం, నీళ్లలో రెండు ఆకారాలు. పైన ఆమె చేయి ఖాళీగా, వేళ్లు కొద్దిగా విచ్చుకుని. కింద ప్రతిబింబంలో ఆ వేళ్లను పట్టుకున్న మరో చేయి. మూడు సంకేతాలూ ఒకే బొమ్మలో కుదిరాయి.

నచ్చిన మూడు గళ్లను ఫోన్‌లో ఫొటో తీసి, చెయ్యి చాపినంత దూరంలో పెట్టి చూడండి. ఏది ఏమిటో తెలియనిదాన్ని అక్కడికక్కడే కొట్టేయండి.

## 4. కొలతలు, కాన్వాస్

ఈబుక్ కోసం చేసిన ఫైలును తర్వాత ప్రింటుకు సాగదీయడం అందరూ చేసే పని. చేయకండి. పెద్దదాన్ని తగ్గించవచ్చు గానీ చిన్నదాన్ని పెంచితే అంచులు చెదిరిపోతాయి.

కిండిల్ ఈబుక్‌కు సూచించిన కవర్ కొలత 1600 × 2560 పిక్సెళ్లు. ప్రింటుకు 300 డీపీఐ (అంగుళానికి అన్ని చుక్కలు) కావాలి, కత్తిరించే అంచుల్లో 0.125 అంగుళాల (3.2 మిల్లీమీటర్ల) బ్లీడ్, అంటే కటింగ్ గీత దాటి బయటికి సాగే బొమ్మ, ఉండాలి. వెన్ను మందం పేజీల సంఖ్యను బట్టి వస్తుంది. కేడీపీ (అమెజాన్ సొంత ప్రచురణ సేవ) పేపర్‌బ్యాక్ లెక్క ప్రకారం నలుపు-తెలుపు ముద్రణలో క్రీమ్ కాగితానికి పేజీకి 0.0025 అంగుళాలు, తెల్ల కాగితానికి 0.002252 అంగుళాలు. వేరే ప్రెస్సయితే వాళ్ల కాగితం లెక్క వాళ్లనే అడగండి.

మన నవల 5.5 × 8.5 అంగుళాలు, 320 పేజీలు, క్రీమ్ కాగితం అనుకుంటే:

- వెన్ను: 320 × 0.0025 = 0.8 అంగుళాలు
- మొత్తం వెడల్పు: 0.125 + 5.5 + 0.8 + 5.5 + 0.125 = 12.05 అంగుళాలు
- మొత్తం ఎత్తు: 0.125 + 8.5 + 0.125 = 8.75 అంగుళాలు

దీన్ని 400 డీపీఐలో, అంటే 4820 × 3500 పిక్సెళ్లతో మొదలుపెట్టండి. 300లోనే చేస్తే ముందు అట్ట ఎత్తు 2550 పిక్సెళ్లే వస్తుంది, ఈబుక్‌కు కావాల్సిన 2560కి పది తక్కువ. చిన్న తేడాయే గానీ ఆ పదికోసం మళ్లీ సాగదీయాల్సి వస్తుంది.

ఇంకో చిక్కు: ఈబుక్ నిష్పత్తి, పుస్తకం నిష్పత్తి ఒకటి కావు. ముందు అట్టను 2560 ఎత్తుకు తగ్గిస్తే వెడల్పు 1656 వస్తుంది. చెరో పక్క 28 పిక్సెళ్లు కోయాలి. కాబట్టి ముఖ్యమైనదేదీ పక్క అంచులకు ఆనించకండి. కటింగ్ గీత నుంచి పావు అంగుళం లోపలికి గైడ్ గీసుకుని, అక్షరాలన్నీ దాని లోపలే ఉంచండి.

తెల్ల కాగితానికి మారితే ఇదే నవల వెన్ను 0.72 అంగుళాలవుతుంది. రెండు మిల్లీమీటర్ల తేడా. ఆ రెండు మిల్లీమీటర్లకే వెన్ను మీది రంగు ముందు అట్ట మీదికి జారుతుంది. పేజీలు, కాగితం ఖరారయ్యాకే వెన్ను పని పెట్టుకోండి.

## 5. ముడిసరుకు, హక్కులు

సొంతంగా వేసిన బొమ్మయితే ఈ విభాగంలో ఫాంట్ సంగతి ఒక్కటి చూసుకుంటే చాలు. ఫొటోలు కలిపి చేసేవాళ్లు మాత్రం ప్రతి ఫొటోకూ ఇవి సరిచూసుకోవాలి.

☐ 'ఎడిటోరియల్ వాడకానికి మాత్రమే' అని ఉందా? ఉంటే పుస్తకం అట్టకు పనికిరాదు
☐ మనిషి ఉన్న ఫొటోకు మోడల్ రిలీజ్ (ఆ మనిషి రాసిచ్చిన అనుమతి) ఉందా
☐ లైసెన్సులో కాపీల సంఖ్యకు పరిమితి ఉందా
☐ మగ్గులు, పోస్టర్లు, బుక్‌మార్కులకు వేరే లైసెన్సు కావాలా
☐ ఫాంట్ వాణిజ్య వాడకానికి అనుమతిస్తుందా
☐ లైసెన్సు రసీదులు ప్రాజెక్టు ఫోల్డర్‌లోనే దాచారా

వెతుకులాటలో దొరికిన బొమ్మను 'కొంచెం మార్చాం కదా' అని వాడటం కుదరదు. ఫొటోను తిప్పి, రంగు మార్చి, ముఖం కోసేసినా హక్కు అసలు యజమానిదే.

ఏఐతో తయారు చేసిన బొమ్మ వాడితే, పుస్తకం పెట్టేటప్పుడు ఆ సంగతి చెప్పాలని కేడీపీ నియమం, అట్టకూ అది వర్తిస్తుంది. హక్కుల మాట అటుంచితే పనితనంలోనూ తిప్పలుంటాయి. మెట్లు ఒక పక్క ఏడు, ఇంకో పక్క తొమ్మిది ఉంటాయి. చేతివేళ్లు, ముక్కుపుడక, చొక్కా గుండీలు, నీళ్లలో ప్రతిబింబం, ఈ నాలుగు చోట్లా పెద్దది చేసి చూడండి.

## 6. బొమ్మ కట్టడం

ముందు పేరు ఎక్కడ పడుతుందో తేల్చుకోండి. బొమ్మ పూర్తయ్యాక ఖాళీ కోసం వెతికితే పేరు ఎప్పుడూ ఎవరి ముఖం మీదో పడుతుంది. పేరు ఉండే చోట బూడిదరంగు పెట్టె పెట్టుకుని, దాన్ని తీయకుండానే బొమ్మ పని చేయండి.

మన అట్టలో ఇదే పెద్ద పరీక్ష. ప్రతిబింబంలో తలలు కిందికి ఉంటాయి కాబట్టి ముఖ్యమైన అబ్బాయి ఆకారం అట్ట అడుగున పడుతుంది. మామూలుగా రచయిత పేరు ఉండే చోటు కూడా అదే. అందుకని రచయిత పేరును పైకి, నవల పేరు నెత్తిమీదికి పంపాలి. అడుగున 12 శాతం ఎత్తును ఉత్త నీళ్లుగా వదిలేయాలి.

ఇక పని వరస:

1. వెనకనుంచి ముందుకు. ఆకాశం, దూరపు గట్టు, నీళ్లు, మెట్లు, అమ్మాయి, చివర పొగమంచు. వెనకవాటికి కాంట్రాస్టు (వెలుగునీడల తేడా) తక్కువ, ముందువాటికి ఎక్కువ.

2. ఒకే వెలుగు. వెలుగు ఎటునుంచి వస్తోందో ఒక లేయర్ మీద బాణం గుర్తు గీసుకోండి. కుడివైపు నుంచి వెలుగు పడిన ఫొటోను ఎడమ వెలుగు బొమ్మలో అతికిస్తే, పాఠకులకు కారణం తెలియకపోయినా 'ఎక్కడో తేడాగా ఉంది' అనిపిస్తుంది.

3. నలుపు మట్టం కలపండి. ఒక ఫొటోలో అతి చీకటి భాగం నీలి నలుపు, ఇంకోదానిలో గోధుమ నలుపు ఉంటే రెండూ ఎప్పటికీ కలవవు. కర్వ్స్‌లో (వెలుగునీడలు సవరించే సాధనం) అన్నిటి చీకటినీ ఒకే ఛాయకు తెచ్చాకే మిగతా రంగులు ముట్టుకోండి.

4. జుట్టు అంచులు. తెల్ల గోడ ముందు తీసిన ఫొటోను చీకటి మీద పెడితే జుట్టు చుట్టూ తెల్లటి గీత మిగులుతుంది. మాస్కును (ఫొటోలో ఏ భాగం కనిపించాలో తేల్చే పొర) ఒకటి రెండు పిక్సెళ్లు లోపలికి లాగండి. తర్వాత రెండు మూడు పిక్సెళ్ల బ్రష్‌తో కొన్ని వెంట్రుకలు చేత్తోనే గీయండి. పది వెంట్రుకలు చాలు.

5. ప్రతిబింబం. దీనికి కాస్త ఆగుదాం, ఇక్కడే ఎక్కువ అట్టలు పాడవుతాయి.

ఆమె ఫొటోను తలకిందులు చేసి పాదాల దగ్గర అతికిస్తే ఆమె నీళ్ల మీద నిలబడినట్టు కనిపిస్తుంది. ప్రతిబింబం తిరగాల్సిన గీత నీటిమట్టం దగ్గర ఉంటుంది, పాదాల దగ్గర కాదు. ఆమె నీటికి రెండు మెట్లు పైన ఉంటే నీళ్లలో ముందు ఆ రెండు మెట్ల ప్రతిబింబం రావాలి, ఆ తర్వాతే ఆమెది. ఈ లెక్క తలనొప్పి అనుకుంటే ఆమెను ఆఖరి మెట్టు అంచున, వేళ్లు నీటికి తగిలేలా నిలబెట్టండి.

నీళ్లలో తెల్లనివి కొంచెం నల్లబడతాయి, నల్లనివి కొంచెం తేలికపడతాయి. ప్రతిబింబం లేయర్ మీద కర్వ్స్ వేసి తెలుపును 255 నుంచి 200 దాకా దించి, నలుపును 0 నుంచి 25 దాకా ఎత్తండి. అలలు దూరాన సన్నగా, మనకు దగ్గరయ్యేకొద్దీ వెడల్పుగా ఉండాలి. అంతటా ఒకే సైజు అల పెడితే తడి గుడ్డలా ఉంటుంది. నిలువుగా 6 నుంచి 10 పిక్సెళ్ల మోషన్ బ్లర్ (ఒకే దిక్కుకు చెదిరినట్టు చేసే ఎఫెక్టు) ఇచ్చి అక్కడినుంచి కంటితో సరిచేసుకోండి.

అబ్బాయి ముఖం మీద ఎక్కువ కష్టపడకండి. తలకిందులుగా ఉన్న ముఖాన్ని మన కళ్లు సరిగా చదవలేవు. అతని భుజం గీత, ఆమె వేళ్లను పట్టుకున్న చేయి స్పష్టంగా ఉంటే చాలు. ఆ చేతుల దగ్గర మాత్రం అలలు చెరిపేసి నీళ్లను నిశ్చలంగా ఉంచండి.

6. మెరుపులు. మాయవెలుగు పెట్టాలంటే లేయర్‌కు స్క్రీన్ లేదా లీనియర్ డాడ్జ్ మోడ్ (కింది పొరలను వెలిగించే పద్ధతులు) వాడండి. నడిమి భాగం దాదాపు తెల్లగా, అంచులు ముదురు రంగుగా ఉండాలి. వెలుగుతున్న వస్తువు పక్కనున్న రాయి మీద, చేతి మీద కూడా ఆ వెలుగు పడాలి. అది మరిచిపోతే మెరుపు స్టిక్కరులా మిగులుతుంది.

7. చివర గ్రెయిన్. అన్ని లేయర్ల మీదా సన్నటి గ్రెయిన్ (ఫిల్ము ఫొటోల్లో కనిపించే నూగు) ఒకేసారి వేస్తే వేర్వేరు కెమెరాల ఫొటోలు ఒక కుటుంబంలా కలుస్తాయి.

## 7. రంగులు

చీకటి నేపథ్యం, ఒకే ఒక్క ముదురు రంగు. ఈ సూత్రం పాతదే, ఇప్పటికీ చెల్లుతుంది. మన అట్టకు నీలి-ఆకుపచ్చ చీకటి, చేతులు కలిసిన చోట మాత్రం వెచ్చటి కాషాయం. ఆ వెచ్చదనం ఇంకెక్కడా కనిపించకూడదు, పేరులో కూడా.

తెర మీద మెరిసే నీలం, ఊదా రంగులు కాగితం మీద చప్పబడతాయి. ముద్రణ సిరాల్లో సియాన్ (ఆకాశనీలం), మెజెంటా (ముదురు గులాబీ) రెండూ దాదాపు సమానంగా పడితే నీలం ఊదాకు తిరుగుతుంది. నీలం నీలంగానే రావాలంటే మెజెంటాను సియాన్ కంటే కనీసం 30 శాతం తక్కువ ఉంచండి.

చీకటి అట్టలకు ఇంకో గండం ఉంది. 0 నుంచి 255 కొలతలో 30 కంటే కిందున్న వివరాలు కాగితం మీద ఒకే నలుపుగా కలిసిపోతాయి. మెట్ల మీది నాచు, జడలోని పాయలు ఆ లోతులో ఉంటే వాటిని పైకి లేపండి. తెర వెలుగు 40 శాతానికి తగ్గించి చూస్తే ప్రింటులో ఏం పోతుందో ఉజ్జాయింపుగా తెలుస్తుంది.

నాలుగు సిరాలూ కలిపి మొత్తం ఎంత పడొచ్చో ప్రెస్సును అడగండి. 240 శాతం పరిమితి పెట్టేవాళ్లున్నారు. సియాన్ 60, మెజెంటా 40, పసుపు 40, నలుపు 100 కలిపితే సరిగ్గా ఆ 240 వస్తుంది, నలుపు కూడా నిండుగా ఉంటుంది.

## 8. పేరు అక్షరాలు

తెలుగు పేరును రోమన్ అక్షరాల కొలతలతో పేరిస్తే కుదరదు. పెద్దక్షరాలు మనకు లేవు. గుడులు పైకి లేస్తాయి, వత్తులు కిందికి దిగుతాయి, అక్షరం వెడల్పు ఎక్కువ.

సాఫ్ట్‌వేర్. ఫొటోషాప్‌లో వత్తులు విడివిడిగా పడుతుంటే టైప్ ప్రిఫరెన్సెస్‌లో టెక్స్ట్ ఇంజన్‌ను 'వరల్డ్-రెడీ'కి మార్చండి. పాత వెర్షన్లలో అదే 'మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్' పేరుతో ఉంటుంది. జింప్, ఇంక్‌స్కేప్‌లలో ఈ బాధ సాధారణంగా ఉండదు.

పొల్లు పక్కన పొరపాటు. 'నూర్‌జహాన్' అని కొడితే 'నూర్జహాన్' అయిపోతే, పొల్లు తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ (అక్షరాలు కలవకుండా ఆపే, కనిపించని గుర్తు) పెట్టండి. రచయితల పేర్లలో ఇది తరచూ దొర్లుతుంది. వాళ్లు తమ పేరు ఎలా రాసుకుంటారో ముందే అడగండి.

ఫాంట్ ఎంపిక. రామభద్ర లాంటి లావు ఫాంట్ చిన్న సైజులోనూ నిలబడుతుంది. నోటో సెరిఫ్ తెలుగులో సన్నం నుంచి మహా లావు దాకా బరువులున్నాయి, లావువి వాడండి. ఈ రెండూ ఓపెన్ ఫాంట్ లైసెన్సులో దొరుకుతాయి, అట్టలకు వాడుకోవచ్చు. రక్తం కారుతున్నట్టుండే అక్షరాలు వద్దు, ఇది హారర్ కాదు. పెళ్లిపత్రిక వంపులూ వద్దు.

సైజు. 1600 పిక్సెళ్ల అట్ట 120 పిక్సెళ్ల థంబ్‌నెయిల్ (దుకాణం పేజీలో కనిపించే చిన్న బొమ్మ) అయితే 13 రెట్లు కుంచించుకుపోతుంది. వత్తులున్న తెలుగు అక్షరం అక్కడ చదవాలంటే కనీసం 15 పిక్సెళ్ల ఎత్తుండాలి. అంటే అసలు అట్ట మీద 200 పిక్సెళ్లు. ఇది కనీసం మాత్రమే.

పేర్పు. 'నీటి కింది' పై వరస, 'మెట్లు' కింది వరసలో, రెండింతల సైజులో. పై వరసలో ఒక్క వత్తు కూడా లేదు, కాబట్టి వరసల మధ్య ఖాళీ బాగా తగ్గించవచ్చు. కింది వరసలో 'ట్లు' కింద ల వత్తు దిగుతుంది. దాని తోకను కొంచెం సాగదీసి నీళ్లవైపు వంచితే లెటరింగ్ బొమ్మలో కలిసిపోతుంది. ప్రతి పేరులోనూ ఇలా ఏ అక్షరం పైకి లేస్తోంది, ఏది కిందికి దిగుతోంది అని ఒకసారి చూసుకుంటే సగం డిజైను అందులోనే దొరుకుతుంది.

అక్షరాల మధ్య ఖాళీ పెంచడం రోమన్ అట్టల్లో బాగుంటుంది గానీ, తెలుగులో కొన్ని సాఫ్ట్‌వేర్లు వత్తును దాని అక్షరం నుంచి దూరంగా జరిపేస్తాయి. అక్షరాల చుట్టూ గీత పెట్టాలంటే ముందు అవుట్‌లైన్లుగా (టైపు కాకుండా బొమ్మ గీతలుగా) మార్చి, ఒకదానిమీదొకటి పడిన ముక్కలను కలిపేయండి. లేకపోతే వత్తు అతుకు దగ్గర అడ్డగీత కనిపిస్తుంది.

## 9. వెన్ను, వెనక అట్ట

కేడీపీలో 79 పేజీలు దాటితేనే వెన్ను మీద అక్షరాలకు అనుమతి. వెన్ను అంచులకు ఇరువైపులా 1.6 మిల్లీమీటర్లు వదలాలి. మన 0.8 అంగుళాల వెన్నులో 17 మిల్లీమీటర్లు మిగులుతాయి, గుడి నుంచి వత్తు దాకా అంతా అందులోనే పట్టాలి. ముందు అట్ట రంగును వెన్ను అంచు దగ్గర గీత గీసినట్టు ఆపకండి. కొద్దిగా జారినా బయటపడని విధంగా ఒకే చీకటి మూడు భాగాల మీదా సాగనివ్వండి.

వెనక అట్ట మీద 120 నుంచి 150 పదాలు చాలు, 10 లేదా 11 పాయింట్ల సైజులో. నల్లటి నేపథ్యం మీద తెల్ల అక్షరాలకు సన్నటి ఫాంట్ వాడితే సిరా కొద్దిగా పక్కకు పడినా గుడులు పూడుకుపోతాయి, మీడియం బరువు వాడండి. అడుగున కుడిపక్క బార్‌కోడ్‌కు 50.8 × 30.5 మిల్లీమీటర్లు ఖాళీ వదలండి. అక్కడ అందమైన నీటిపువ్వు పెట్టి మురిసిపోతే దాని మీదే తెల్లపెట్టె పడుతుంది.

సిరీసయితే రెండో పుస్తకం పేరు ఎన్ని అక్షరాలో ఇప్పుడే అడిగి, అదే పెట్టెలో పడుతుందో లేదో చూసుకోండి.

## 10. ఫైళ్లు

☐ లేయర్లున్న అసలు ఫైలు, మరో చోట ఒక నకలు
☐ ఈబుక్: 1600 × 2560, ఆర్‌జీబీ (తెర రంగుల పద్ధతి), జేపెగ్
☐ ప్రింట్: వెనక అట్ట, వెన్ను, ముందు అట్ట ఒకే పీడీఎఫ్‌లో, ప్రెస్సు అడిగితే సీఎంవైకే (నాలుగు సిరాల పద్ధతి)
☐ అక్షరాలన్నీ అవుట్‌లైన్లుగా మార్చిన నకలు (మార్చనిది కూడా దాచండి)
☐ గైడ్ గీతలు, బూడిద పెట్టె ఫైనల్‌లో మిగిలిపోలేదు
☐ పేరు, రచయిత పేరు, వెనక అట్ట మాటలు ఈ పనితో సంబంధం లేని ఒకరు పైకి చదివారు

## 11. తేడా కొడితే

థంబ్‌నెయిల్‌లో బొమ్మ తెలియడం లేదు. నలుపు-తెలుపులోకి మార్చి చూడండి. ఆకారమూ నేపథ్యమూ ఒకే బూడిదరంగు అయితే రంగులు ఎంత మార్చినా లాభం లేదు. ఆకారం వెనక పొగమంచు పెంచండి.

ప్రేమకథలా లేదు, థ్రిల్లర్‌లా ఉంది. వెచ్చటి రంగు చాలలేదు, లేదా ఇద్దరి మధ్య చూపు గానీ చేయి గానీ కలవలేదు. నీలాన్ని తగ్గించే ముందు రెండో కారణం చూడండి.

పిల్లల పుస్తకంలా ఉంది. అక్షరాలు మరీ గుండ్రంగా ఉన్నాయా, రంగులు నాలుగు దాటాయా? తల శరీరానికి మరీ పెద్దగా వేశారా? ఇలస్ట్రేటెడ్ అట్టల్లో మూడోదే ఎక్కువసార్లు కారణం.

పేరు బొమ్మలో మునిగిపోతోంది. డ్రాప్ షాడో పెంచకండి. పేరు వెనకున్న భాగంలో వివరాలు బ్లర్ చేసి, 20 శాతం చీకటి చేయండి.

ప్రూఫ్ కాపీ (పరీక్షగా ముద్రించిన కాపీ) మరీ నల్లగా వచ్చింది. మొత్తం వెలుగు పెంచితే నలుపు బూడిదయిపోతుంది. కర్వ్స్‌లో నడిమి ఛాయలను మాత్రమే ఎత్తి, మళ్లీ ఒక ప్రూఫ్ తెప్పించండి. మ్యాట్ లామినేషన్ వేస్తే నలుపు ఇంకాస్త పాలిపోతుంది, వేళ్ల గుర్తులూ కనిపిస్తాయి. దాన్ని ఎంచుకునే ముందే ప్రూఫ్‌లో చూసుకోండి.

ప్రూఫ్ చేతికొచ్చాక పగటి వెలుగులో ఒకసారి, బల్బు కింద ఒకసారి తిప్పి చూడండి. తర్వాత వెన్ను బయటికి పెట్టి నాలుగు పుస్తకాల మధ్య నిలబెట్టండి. వెన్ను మీది పేరు ముందు అట్టవైపు ఒరిగినట్టుంటే స్కేలుతో కొలవండి. వెన్ను మందమే లెక్క తప్పిందా, లేక ఆ ఒక్క కాపీలో కటింగ్ పక్కకు జరిగిందా అన్నది రెండో ప్రూఫ్ తెప్పిస్తే గానీ తేలదు. రెండింటిలోనూ ఒకే పక్కకు ఒకే దూరం జరిగితే తప్పు మీ ఫైలులో ఉంది.